నీటి మీద ఆడే ఎరలతో బాస్ చేపను పట్టడానికి ఎలాంటి రాడ్ తీసుకోవాలి?

కొత్తగాలం:

అందరికీ నమస్కారం. నీటి పైన ఆడించే ఎరలతో బాస్ పట్టడానికి విడిగా ఒక రాడ్ తీసుకుందామనుకుంటున్నాను. ఇప్పుడు చేతిలో ఉన్నది 7 అడుగుల 3 అంగుళాల మీడియం హెవీ బెయిట్‌కాస్టింగ్ రాడ్ (రీలు పైన కూర్చునే రకం), ఫాస్ట్ యాక్షన్. జిగ్గులకూ (సీసపు తల ఉన్న గాలాలకు) ప్లాస్టిక్ పురుగులకూ కొన్నది. దాని మీద 7.1:1 రీలు (పిడి ఒక్కసారి తిప్పితే లైను చుట్టుకునే స్పూలు 7.1 చుట్లు తిరిగేది), 14 పౌండ్ల బలం తట్టుకునే ఫ్లోరోకార్బన్ లైను ఉన్నాయి.

వాడే ఎరలు: సూపర్ స్పూక్ జూనియర్ (అర ఔన్సు), రెబెల్ పాప్-ఆర్ (పావు ఔన్సు), వొప్పర్ ప్లాపర్ 110 (దాదాపు ఔన్సు), అర ఔన్సు బోలు కప్ప ఒకటి. కొన్నిసార్లు ఒడ్డున నిలబడి వేస్తాను, కొన్నిసార్లు కయాక్‌లో కూర్చుని.

ఇబ్బందులు ఇవీ. స్పూక్ కాసేపు అటూ ఇటూ తల తిప్పి, ఆ తర్వాత ముక్కు నీళ్లలోకి దించేసి తిన్నగా వచ్చేస్తోంది. పాప్-ఆర్ దూరం పోదు, గట్టిగా విసిరితే రీలులో లైను గూడు కట్టేస్తోంది. చేప పైకి వచ్చి కొట్టినా చాలాసార్లు గాలం ఊడిపోతోంది.

నాలుగింటికీ సరిపడే రాడ్ ఒక్కటే దొరుకుతుందా? పొడవు, పవర్, యాక్షన్ ఎంతలో చూడాలి?

నీటిగీత:

నాలుగింటికీ ఒకటే అంటే కుదరదండీ. మూడింటికి కుదురుతుంది, కప్పను పక్కన పెట్టండి. కారణం గాలాల్లో ఉంది. స్పూక్, పాప్-ఆర్, ప్లాపర్ మూడింటికీ ఉన్నవి ట్రెబుల్ (మూడు మొనల) గాలాలు. తీగ సన్నం, మొన పదును. కొద్దిపాటి ఒత్తిడికే దిగుతాయి, కానీ లోతుగా దిగవు. చాలాసార్లు పెదవి అంచునో పలుచని చర్మాన్నో పట్టుకుని ఉంటాయి. ఆ పాటి పట్టు మీద బిర్రైన రాడ్‌తో లాగితే చర్మం చిరిగి గాలం ఊడుతుంది, లేదంటే తీగ సాగి మొన తెరుచుకుంటుంది. కప్పది మందపాటి జంట గాలం. దాని మొనలు మెత్తని వీపుకు ఆనుకుని దాగి ఉంటాయి. చేప నోట్లో ఆ బోలు ఒళ్లు నలిగితేగానీ మొన బయటపడదు, బయటపడ్డాక గుచ్చడానికి బలం కావాలి. మొదటివాటికి మెత్తగా వంగే రాడ్ కావాలి, కప్పకు మొండి రాడ్ కావాలి. అందుకే ఎర సైజు కంటే ముందు దాని గాలం చూడమంటాను.

పవర్, యాక్షన్ వేరు వేరు సంగతులు. రాడ్‌ను వంచడానికి ఎంత బలం కావాలన్నది పవర్. వంగినప్పుడు ఎక్కడి నుంచి వంగుతుందన్నది యాక్షన్. ఫాస్ట్ రాడ్ కొనవైపు మూడో వంతులోనే వంగుతుంది, మోడరేట్ రాడ్ దాదాపు నడుము నుంచి వంగుతుంది. మోడరేట్ ఫాస్ట్ ఈ రెంటికీ మధ్య. ట్రెబుల్ ఎరలకు నేను చెప్పేది మోడరేట్ ఫాస్ట్. పూర్తి మోడరేట్ అయితే గాలం ఊడదు, నిజమే, కానీ స్పూక్‌ను నడిపించేటప్పుడు మణికట్టు కదలిక కొనకు చేరేసరికి ఆలస్యమై ఎర నీరసంగా తిరుగుతుంది. పూర్తి గ్లాస్ (ఫైబర్‌గ్లాస్) రాడ్లతోనూ ఇదే గొడవ. బరువెక్కువ, వంగినది తిరిగి నిలబడడానికి సమయం తీసుకుంటాయి. ప్లాపర్‌ను ఊరికే చుట్టుకుంటూ రావాలంటే గ్లాస్ బాగుంటుంది, స్పూక్‌కు మాత్రం గ్రాఫైటో, గ్రాఫైటూ గ్లాసూ కలిపినదో చూడండి.

ఇక పవర్. రాడ్ మీద ఎర బరువు హద్దులు రాసి ఉంటాయి. ఆ హద్దుల నడుమ ఉన్న బరువుకే రాడ్ బాగా పనిచేస్తుంది, రెండు కొసల దగ్గరా నీరసిస్తుంది. మీ ఎరలు పావు ఔన్సు (7 గ్రాములు) నుంచి ఔన్సు (28 గ్రాములు) దాకా ఉన్నాయి. ఒక్క రాడ్‌కు ఇది చాలా వెడల్పు. మీడియం పవర్, 1/4 నుంచి 3/4 ఔన్సు రాసి ఉన్నది తీసుకోండి. స్పూక్ జూనియర్ సరిగ్గా మధ్యలో పడుతుంది. ప్లాపర్ 110 బదులు చిన్నది, 90 నంబరుది పెట్టుకుంటే అదీ హద్దులోకి వస్తుంది. 110 ఉండి తీరాలంటే 3/8 నుంచి 1 ఔన్సు రాసిన మీడియం హెవీ, మోడరేట్ ఫాస్ట్ తీసుకోవాలి, అప్పుడు పాప్-ఆర్ మీద ఆశ వదులుకోవాలి.

పాప్-ఆర్ దూరం పోకపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. పావు ఔన్సు బరువుకు మీ ఇప్పటి రాడ్ వంగడం లేదు. రాడ్ వంగకపోతే విసిరే పని మొత్తం చేయిదే అవుతుంది. చేయి గట్టిగా ఊపగానే స్పూలు వేగంగా తిరగడం మొదలెడుతుంది, తేలికైన ఎర ఆ వేగానికి లైను లాక్కుపోలేదు. మిగిలిన లైనంతా స్పూలు మీదే పొంగి చిక్కుపడుతుంది. బ్రేకు బిగిస్తే చిక్కు ఆగుతుంది, దూరం ఇంకా తగ్గుతుంది.

పొడవు 6 అడుగుల 6 అంగుళాల నుంచి 6 అడుగుల 10 అంగుళాల మధ్య. స్పూక్, పాప్-ఆర్ ఆడించేది రాడ్ కొన కిందికి దించి. 7 అడుగుల 3 అంగుళాల రాడ్ కొన కిందికి దించితే, అందులోనూ కయాక్‌లో కూర్చుంటే, ప్రతి కుదుపుకీ నీళ్లను కొడుతుంది. నీళ్లు తగలకూడదని చేయి పైకెత్తితే లైను కోణం మారి ఎర ముక్కు పైకి లేస్తుంది, నడక చెడుతుంది. మరీ పొట్టిదైతే విసిరే దూరం పోతుంది, దూరాన చేప కొట్టినప్పుడు వదులుగా ఉన్న లైను అందుకోలేం. మీకు 6 అడుగుల 8 నుంచి 10 అంగుళాలు.

రీలు వెనక ఉండే పిడి పొడవు ఎవరూ పట్టించుకోరు, ఈ పనికి అది చాలా ముఖ్యం. జిగ్గు రాడ్లకు వెనక పిడి పొడుగ్గా ఉంటుంది. రాడ్ కిందికి దించి మణికట్టుతో కుదిపితే ఆ పిడి ముంజేతికీ పక్కటెముకలకూ తగులుతుంది. రీలు పట్టుకున్నప్పుడు పిడి చివర మోచేతిని దాటకూడదు. చాలామంది చేతికి 8, 9 అంగుళాలు సరిపోతాయి.

స్పూక్ ముక్కు దించడం మాత్రం రాడ్ తప్పు కాదు, లైను తప్పు. ఫ్లోరోకార్బన్ సాంద్రత దాదాపు 1.78 (నీటిది 1). నీటి కంటే బాగా బరువు, మునుగుతుంది. నైలాన్ మోనో (ఒకే పోగు లైను) 1.14 దగ్గర ఉంటుంది, చాలా నెమ్మదిగా దిగుతుంది. బ్రెయిడ్ (సన్నని పోగులు అల్లిన లైను) 0.97, తేలుతుంది. మీరు కుదుపుకూ కుదుపుకూ మధ్య లైను వదులు చేసిన ప్రతిసారీ ఫ్లోరో కొంచెం కొంచెం దిగి, ఎర ముక్కును కిందికి లాగుతోంది. కొత్త రాడ్ కొనకముందే లైను మార్చి చూడండి, సగం ఇబ్బంది తీరుతుంది.

తామరాకు:

కప్ప గురించి నేను చెబుతాను. మీ దగ్గరున్న రాడ్‌నే కప్పకు ఉంచేయండి, కొత్తది కొనక్కర్లేదు. 7 అడుగుల 3 అంగుళాల మీడియం హెవీ ఫాస్ట్ పలుచని నాచులోనూ, తామరాకుల అంచుల్లోనూ పనిచేస్తుంది. ఆకులు చాపలా పరుచుకున్న చోట అయితే హెవీ పవర్ కావాలి. అక్కడ చేపతో పాటు గంపెడు నాచు కూడా ఈడ్చాలి, మీడియం హెవీ వంగిపోయి చేప తల కిందికి తిప్పేసుకుంటుంది.

లైను మాత్రం తప్పకుండా మార్చండి. 50 పౌండ్ల బ్రెయిడ్, దట్టమైన చోటైతే 65. లీడర్ (లైను చివర కట్టే వేరే లైను ముక్క) వద్దు, నేరుగా పాలోమర్ ముడి వేసి కట్టండి. మోనో సాగుతుంది కాబట్టి కప్ప గాలం దిగదు. సన్నని బ్రెయిడ్, ముఖ్యంగా 30 పౌండ్లది, కప్పకు వాడకండి. తెగుతుందని కాదు, రీలులో చుట్టలోకి చుట్ట దూరి ఇరుక్కుంటుంది, మళ్లీ విసిరినప్పుడు ఠక్కున ఆగిపోతుంది.

కప్ప కొత్తదైతే రెండు గాలపు మొనలనూ పట్టకారుతో కొంచెం పైకి, బయటికి వంచండి. ఎక్కువ కాదు, మొన వీపును వదిలి కాగితం మందం పైకి ఉంటే చాలు. ఇంకా వంచితే ప్రతి ఆకునూ పట్టుకుంటుంది. లోపలికి నీళ్లు చేరితే ప్రతి నాలుగైదు విసుర్లకూ పిండేయండి, లేకపోతే తోక మునిగిపోతుంది.

బెండు:

నీటిగీత గారు చెప్పినదాంట్లో ఒక్కదానికి ఒప్పుకోను. పాప్-ఆర్‌ను బెయిట్‌కాస్టింగ్ రాడ్ మీద పెట్టడమే అనవసరం. 1/4 ఔన్సు నుంచి రాసి ఉన్న రాడ్‌కు పావు ఔన్సు అంటే అది కింది హద్దు. ఎదురుగాలి ఉంటే మీడియం పవర్ కూడా చాలదు. 7 అడుగుల మీడియం పవర్ స్పిన్నింగ్ రాడ్ (రీలు కింద వేలాడే రకం), 2500 సైజు రీలు, 15 పౌండ్ల బ్రెయిడ్, దాని చివర 10 లేదా 12 పౌండ్ల మోనో లీడర్. పాప్-ఆర్ లాంటి చిన్న పాపర్లకు, చెట్టు కొమ్మల కిందికి తక్కువ ఎత్తులో విసరడానికి దీన్ని మించింది లేదు. స్పిన్నింగ్ రాడ్ 7 అడుగులైనా కుదపడం కష్టం కాదు.

ఇందులో తప్పయ్యేది ఒకటే. కుదిపి వదిలిన వదులు లైను స్పూలు మీద వదులుగానే చుట్టుకుంటుంది. తర్వాత విసిరినప్పుడు పై చుట్టలు కింది చుట్టలను లాక్కుని ముద్దగా బయటికి వస్తాయి. విసిరాక బెయిల్‌ను (రీలు మీద లైనును పట్టే తీగను) రీలు తిప్పి కాకుండా చేత్తో మూయండి, మూశాక లైను ఒకసారి బిగుతుగా లాగండి. ఎర దగ్గరికి వచ్చాక చివరి పది పదిహేను అడుగులు లైనును రెండు వేళ్ల మధ్య నొక్కి పట్టి చుట్టండి. స్పూలు అంచు దాకా నింపకండి, ఓ 2 మిల్లీమీటర్లు ఖాళీ ఉండాలి.

అలా చేస్తే మీ బెయిట్‌కాస్టింగ్ రాడ్‌కు పావు ఔన్సు ఆడించే బాధ ఉండదు. 3/8 నుంచి 1 ఔన్సు మోడరేట్ ఫాస్ట్ తీసుకుని స్పూక్‌నూ ప్లాపర్ 110నూ దాని మీదే వేయొచ్చు, 90 కోసం వెతకక్కర్లేదు.

నీటిగీత:

బెండు గారూ, స్పిన్నింగ్ రాడ్ ఉన్నవాళ్లకు మీ పద్ధతే మేలు. వారు ఒక్కటే కొంటానన్నారు కాబట్టి రాజీ చెప్పాను. ఇంట్లో పాత మీడియం స్పిన్నింగ్ రాడ్ ఏదైనా పడి ఉంటే పాప్-ఆర్ దాని మీదికి మార్చేసి, కొత్తది మీరన్నట్టు 3/8 నుంచి 1 ఔన్సుది తీసుకోవడం సరైనది.

కొత్తగాలం:

చాలా థాంక్సండీ. 7 అడుగుల మీడియం స్పిన్నింగ్ రాడ్ ఒకటి ఉంది, పాప్-ఆర్ దానికే ఇచ్చేస్తాను. కప్పకు పాత రాడ్. కొత్తది 6 అడుగుల 10 అంగుళాల మీడియం హెవీ, మోడరేట్ ఫాస్ట్ అని రాసుకున్నాను.

ఇంకో రెండు అడుగుతాను. దీని మీద మోనో వేయాలా, బ్రెయిడ్ వేయాలా? అలాగే పెట్టె మీద మోడరేట్ ఫాస్ట్ అని రాసినంత మాత్రాన నమ్మొచ్చా? రాడ్ చేతిలోకి తీసుకున్నప్పుడు ఏం చూసి తేల్చుకోవాలి?

సన్నదారం:

లైను గురించి: కొత్తగా మొదలుపెడుతున్నారు కాబట్టి మోనో వేయండి, 15 లేదా 17 పౌండ్లు. ముడి ఒక్కటే, లీడర్ తలనొప్పి లేదు, ముందు గాలానికి చుట్టుకోదు. మోనో సాగుతుంది కనుక చేప తల విదిలించినప్పుడు ఆ కుదుపును లైను కూడా కొంత మింగుతుంది. రాడ్ కొంచెం బిర్రుగా ఉన్నా క్షమిస్తుంది. దూరాన కొట్టిన చేపకు గాలం దిగదని భయపెడతారు, ట్రెబుల్ గాలాలకు ఆ భయం అక్కర్లేదు. మొనలు పదునుగా ఉంటే చాలు. గోరు మీద మొన పెట్టి మెల్లగా లాగండి. జారితే మొద్దుబారింది, గోరును పట్టుకుంటే బాగున్నట్టు.

నీటిగీత:

సన్నదారం గారి మాట 30 గజాల లోపు సరిగ్గా సరిపోతుంది. స్పూక్, ప్లాపర్ అంతకంటే దూరం వేసే ఎరలు. దూరం పెరిగేకొద్దీ మోనో సాగుడు కూడా పెరిగి, మణికట్టు కదలిక ఎరకు చేరదు. ఇక్కడ చేయి చిన్నగా కుదిపితే అక్కడ ఎర కదలనే కదలదు. దాంతో పెద్దగా కుదపడం మొదలెడతారు, నడక లయ తప్పుతుంది. నా ఓటు 30 పౌండ్ల బ్రెయిడ్‌కు, మందంలో అది దాదాపు 8 పౌండ్ల మోనో అంత. దూరం పోతుంది, సాగదు.

సాగని లైను కాబట్టే మెత్తని యాక్షన్ రాడ్ తప్పనిసరి. రాడ్, లైను రెండిట్లో ఏదో ఒకటి మెత్తగా ఉండాలి. రెండూ బిర్రైతే ట్రెబుల్ గాలం ఊడుతుంది. రెండూ మెత్తనైతే దూరాన దిగదు. మోనో వేసేవారికి కాస్త ఫాస్ట్ రాడ్ అయినా నడుస్తుంది, బ్రెయిడ్ వేసేవారికి మోడరేట్ ఫాస్ట్ కావాల్సిందే.

బ్రెయిడ్ చివర లీడర్ తప్పకుండా కట్టండి, 17 నుంచి 20 పౌండ్ల మోనో. ఫ్లోరో కాదు. బ్రెయిడ్ దారంలా వాలిపోయే లైను, వదులైన ప్రతిసారీ ఎర ముక్కు ముందు కుప్పపడి ముందు ట్రెబుల్‌కు చుట్టుకుంటుంది. మోనోకు కాస్త బిరుసు ఉండడం వల్ల ఎర ముందు నిటారుగా నిలబడుతుంది. లీడర్ 12 నుంచి 15 అంగుళాలు చాలు. విసిరేముందు ఎరను రాడ్ కొన నుంచి ఎంత కిందికి వేలాడదీస్తారో లీడర్ అంతకంటే పొట్టిగా ఉండాలి. అప్పుడు ముడి గైడ్ల (రాడ్ మీద లైను పోయే రింగుల) బయటే ఉంటుంది. పొడుగు లీడర్ కట్టుకుంటే ప్రతి విసురుకూ ముడి కొన గైడ్‌ను రాసుకుంటూ పోతుంది, కొన్నాళ్లకు ముడి బలహీనపడుతుంది. చిన్న రంధ్రాల గైడ్లున్న రాడ్లలో అయితే మరీ. ముడికి ఎఫ్‌జీ సన్నగా వస్తుంది, కట్టడం రాకపోతే డబుల్ యూని వేయండి, ముడి బయటే ఉంటుంది కాబట్టి కొంచెం లావైనా పరవాలేదు.

ఎర ముక్కుకు స్ప్లిట్ రింగ్ ఉంటే నేరుగా రింగుకే కట్టండి. రింగు లేకపోతే గుండ్రటి ముక్కున్న చిన్న స్నాప్ (తెరిచి మూసే కొక్కెం) గానీ, వదులు లూప్ ముడి గానీ వేయండి. ముడి కన్నానికి బిగుసుకుపోతే ఎర తల తిప్పలేదు. స్వివెల్ (గిరగిరా తిరిగే కీలు) వద్దు, ఆ బరువుకు చిన్న ఎరల ముక్కు మునుగుతుంది.

బెండు:

రాడ్ చూసే పద్ధతి నేను చెబుతాను. పెట్టె మీది మాటలు కంపెనీకో రకంగా ఉంటాయి. ఒకరి మోడరేట్ ఫాస్ట్ ఇంకొకరి ఫాస్ట్. చూసి తేల్చుకోవడమే మేలు.

వెళ్లేటప్పుడు రీలు, లైను, స్పూక్ జూనియర్ తీసుకెళ్లండి, గాలాలకు తొడుగులు వేసి. లైను గైడ్లన్నిటి గుండా ఎక్కించి ఎరను ఓ అడుగు కిందికి వేలాడదీసి, రాడ్‌ను నేలకు సమాంతరంగా పట్టుకుని మెల్లగా పైకీ కిందికీ ఊపండి. అర ఔన్సుకు కొన వంగి, ఆ వంపు మొదటి రెండు మూడు గైడ్ల దాకా పాకాలి. కొన అసలు కదలకపోతే ఆ రాడ్ మీ ఎరకు బిర్రు. వంపు నడుము దాకా జారిపోతే ప్లాపర్ 110కు బలం చాలదు.

తర్వాత లైను చివర ఇంకొకరి చేతికిచ్చి ఆరేడు అడుగుల దూరంలో నిలబెట్టి మెల్లగా ఎత్తండి. కొనవైపు మూడో వంతు కంటే కాస్త ఎక్కువ వంగి, వంపు ఎక్కడా కోణంలా విరగకుండా ఒకే తీరున పోవాలి. కొనను చేత్తో పట్టుకుని వంచి చూడడం, గది పైకప్పుకు ఆనించి నొక్కడం చేయకండి. బరువంతా ఒక్క చోట పడి గ్రాఫైట్‌లో కంటికి కనిపించని పగులు వస్తుంది. ఆ రాడ్ దుకాణంలో విరగదు, చేప ఉన్నప్పుడు విరుగుతుంది.

చివరిగా రాడ్ కొన మోకాలి కిందికి దించి, స్పూక్ నడిపించినట్టు ఓ రెండు నిమిషాలు మణికట్టుతో కుదిపి చూడండి. పిడి ముంజేతికి తగిలినా, కొన వైపు బరువు లాగి మణికట్టు నొచ్చినా వద్దు. రీలు పెట్టి చూస్తేనే ఈ తూకం తెలుస్తుంది. కుదిపినప్పుడు లైను కొన గైడ్‌కు చుట్టుకుంటోందా అన్నదీ గమనించండి, బ్రెయిడ్ వేస్తున్నారు కదా. ఫుజీ కే-సిరీస్ లాంటి ముందుకు వాలిన గైడ్లయితే చుట్టుకున్న లైను దానంతటదే జారిపోతుంది.

రీలు మీ 7.1:1 దే చాలు. స్పూక్‌ను నడిపేటప్పుడు రీలు పిడి పూర్తిగా తిప్పకండి, కుదుపుకు పావు చుట్టో అర చుట్టో. వదులైన లైను మాత్రమే అందుకోవాలి, ఎరను లాగకూడదు.

తామరాకు:

గాలం ఊడడం గురించి ఒక్క మాట మిగిలింది. సరైన రాడ్ పెట్టినా, నీళ్లు పగలగానే లాగితే ఫలితం లేదు. చప్పుడు విని లాగకండి, రాడ్‌లో బరువు తెలిశాకే లాగండి. ట్రెబుల్ ఎరలకైతే పెద్ద ఊపు కూడా అక్కర్లేదు. కొన కిందే ఉంచి, పక్కకు ఒరగదీస్తూ రీలు వేగంగా చుట్టండి, గాలాలు వాటంతటవే దిగుతాయి. కొన పైకెత్తి లాగితే, చేప తప్పినప్పుడు ఆ ఎర గాలాలతో సహా మీ ముఖం మీదికే వస్తుంది. కయాక్‌లో కూర్చున్నప్పుడు మరీ జాగ్రత్త, కళ్లద్దాలు పెట్టుకోండి. చేప కొట్టి తప్పితే ఎరను లాక్కోకుండా అక్కడే ఆపేయండి, రెండు క్షణాలాగి చిన్నగా ఒకసారి కదపండి. ఆ చేప చాలాసార్లు అక్కడే తిరుగుతూ ఉంటుంది.

ప్లాపర్‌కు డ్రాగ్ (చేప లాగితే లైను జారనిచ్చే రీలు బిగింపు) కొంచెం వదులు చేయండి. దాని గాలాలు పెద్దవే అయినా, రాడ్ దగ్గరికి వచ్చాక బాస్ గెంతినప్పుడు ఎర బరువే గాలాన్ని ఊడగొడుతుంది. గెంతబోతుందని లైను పైకి లేస్తుంటే తెలుస్తుంది, వెంటనే కొనను నీళ్లలో ముంచేయండి.

కొత్తగాలం:

కొనను నీళ్లలో ముంచడం తెలియదండీ, పైకెత్తి పట్టుకోవాలనే అనుకున్నాను. ముందు లైను మార్చి, పాత రాడ్ మీదే స్పూక్ నడక చూస్తాను. ఆ తర్వాత రీలూ స్పూకూ పట్టుకుని రాడ్ చూడ్డానికి వెళ్తాను.